గంట కొట్టినందున చేయు ప్రార్థన

ధ్యాన భాగములు: కీర్తనలు 119:164, దానియేలు 6:10, అపొస్తలుల కార్యములు 3:1



ప్రార్థననుగూర్చి మన సంఘములలో తరచుగా వినబడు మాట యొకటి కలదు. రోమను కతోలికులు పుస్తకము చూచి, గడియారము చూచి ప్రార్థింతురు. మనము హృదయములోనుండి ప్రార్థింతుము అనునదే ఆ మాట. దీనిని మనము సంతోషముతోను, కొంచెము అతిశయముతోను చెప్పుకొందుము. అయితే ఒక మాట అనేకులు చెప్పుచున్నంత మాత్రమున అది తూచి చూడకుండ అంగీకరింపదగినది కాదు. సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టవలెనని అపొస్తలుడు థెస్సలొనీకయులకు వ్రాసెను గదా. కాబట్టి ఈ నెల మనము ఈ ప్రశ్నను విచారింతము: మనస్సు కోరినందున గాక గంట కొట్టినందున చేయు ప్రార్థన నిజమైన ప్రార్థనయా, లేక వేషధారణయా?

ఈ ప్రశ్న పండితులకు మాత్రమే చెందినది కాదు. మనలో ఎందరో ప్రార్థింపవలెనని మనస్సు పుట్టు వరకు కనిపెట్టుచు, అది పుట్టకపోగా, దినములు, వారములు ప్రార్థన లేకయే గడుపుచున్నారు. మనస్సు లేక ప్రార్థించుట దేవుని యెదుట అబద్ధమాడుట యగునేమో అని భయపడి మౌనముగా నున్న భక్తిపరులును కలరు. వారికి సరియైన ఉత్తరము దొరకవలెను.

ఏడు గడియల ప్రార్థన యనగా నేమి?

మొదట సంగతిని న్యాయముగా తెలిసికొందము. దినమునకు ఏడు మారులు దేవుని స్తుతించుచున్నానని కీర్తనకారుడు 119వ కీర్తనలో చెప్పుచున్నాడు. మధ్యరాత్రి లేచి కృతజ్ఞతాస్తుతులు చెల్లించుదునని ఆ కీర్తనలోనే అనుచున్నాడు. సాయంకాలమున, ఉదయమున, మధ్యాహ్నమున మొరపెట్టుదునని 55వ కీర్తన చెప్పుచున్నది. దానియేలు రాజాజ్ఞకు భయపడక, యెరూషలేము తట్టు కిటికీలు తెరచి, దినమునకు ముమ్మారు మోకాళ్లూనెను. పేతురును యోహానును పగలు మూడు గంటలకు, అనగా యూదుల లెక్కలో తొమ్మిదవ గడియకు, ప్రార్థనాకాలమని దేవాలయమునకు వెళ్లిరి. యొప్పేలో పేతురు మిద్దెమీద ప్రార్థించినది మధ్యాహ్నవేళ. కొర్నేలీకి దూత కనబడినది తొమ్మిదవ గడియ. అపొస్తలులు పరిశుద్ధాత్మను పొందినవారు; ఆత్మ కలిగిన ఆ మనుష్యులే నియమిత కాలములను పాటించిరి. ఇది మనము మరువరాదు.

అపొస్తలుల అనంతరము ఆది సంఘము ఈ వాడుకను విడువలేదు. 'దిదాకే' అను పూర్వ గ్రంథము ప్రభువు నేర్పిన ప్రార్థనను దినమునకు మూడు మారులు చెప్పుడని బోధించుచున్నది. ఉత్తర ఆఫ్రికాలో నుండిన తెర్తుల్లియను మూడవ, ఆరవ, తొమ్మిదవ గడియలలో ప్రార్థించుట మంచిదని వ్రాసెను. ఈ గడియలు సిలువతోకూడ సంబంధము కలవి. మార్కు సువార్త ప్రకారము ప్రభువును మూడవ గడియకు సిలువ వేసిరి; ఆరవ గడియ మొదలు చీకటి కమ్మెను; తొమ్మిదవ గడియకు ఆయన గొప్ప శబ్దముతో కేక వేసెను. గడియను జ్ఞాపకము చేసికొనుట సిలువను జ్ఞాపకము చేసికొనుటగా పూర్వులు ఎంచిరి.

ఈ వాడుకకు పాశ్చాత్య సంఘములో స్థిరమైన రూపము నిచ్చినవాడు ఇటలీ దేశస్థుడైన బెనెడిక్టు. ఆరవ శతాబ్దములో మోంతె కాసినో కొండమీద మఠము స్థాపించి, సన్యాసుల నిమిత్తము ఆయన ఒక నియమావళి వ్రాసెను. దానిలో 8వ అధ్యాయము మొదలుకొని వరుసగా అనేక అధ్యాయములు ప్రార్థనల క్రమమునకే చెల్లినవి. రాత్రి వేళ జాగరణ ప్రార్థన, తెల్లవారునప్పుడు లాడ్సు, తరువాత ప్రైము, టెర్సు, సెక్స్టు, నోను అను నాలుగు చిన్న ప్రార్థనలు, ప్రొద్దు గ్రుంకు వేళ వెస్పర్సు, పండుకొనుటకు ముందు కంప్లీను. పగటివి ఏడు, రాత్రిది ఒకటి. ఈ ప్రార్థనలలో ముఖ్యాంశము కీర్తనల గ్రంథమే. నూట యేబది కీర్తనలును వారమునకు ఒకసారి పూర్తి కావలెను. తాను చేసిన వరుస ఎవరికైన నచ్చనియెడల వేరొక విధముగా సర్దుకొనవచ్చుననియు, అయితే వారములో కీర్తనలన్నియు ముగియవలెననియు బెనెడిక్టు వ్రాసెను.

ఇంకొక సంగతి మన ప్రొటెస్టంటులలో అనేకులకు తెలియదు. ఉదయపు ప్రార్థనలో జెకర్యా స్తోత్రమును, సాయంకాలపు ప్రార్థనలో మరియ స్తోత్రమును, పండుకొను వేళ సుమెయోను స్తోత్రమును వారు ప్రతిదినము చెప్పుదురు. ఈ మూడును లూకా సువార్త మొదటి రెండు అధ్యాయములలోనివే. పుస్తకము చూచి ప్రార్థించువారని మనము అనునప్పుడు, ఆ పుస్తకములో నున్నదానిలో అధిక భాగము మన చేతిలోని బైబిలే అని తెలిసికొనుట న్యాయము.

మన పక్షమున చెప్పదగినది

అయితే మన పితరులు ఈ క్రమమును ఊరకనే త్రోసివేయలేదు. వారి ఆక్షేపణలు బలమైనవి. వాటిని తక్కువ చేసి చెప్పుట సత్యమునకు ద్రోహము.

మార్టిన్ లూథరు 1505వ సంవత్సరమున ఎర్‌ఫర్టు పట్టణములోని మఠములో చేరెను. ఈ గడియల ప్రార్థనలు చెప్పుట ఆయనకు విధి. తరువాత బోధించుట, ప్రసంగించుట, వ్రాయుట అను పనులు ఆయనమీద పడగా, ప్రార్థనలు వెనుకబడినవి. అప్పుడాయన వారమంతయు తప్పిన ప్రార్థనలను ప్రోగుచేసి, శనివారమున గదిలో తలుపు మూసికొని, అన్నపానములు సహితము మాని, ఒక్కసారిగా చదివి ముగించెడివాడు. ఈ సంగతి ఆయనే తరువాత భోజనపు బల్లయొద్ద స్నేహితులకు చెప్పెను. 1520 ప్రాంతమున ఆ భారమును పూర్తిగా విడిచెను. ఆలోచించుడి: సోమవారపు ఉదయ ప్రార్థనను శనివారము రాత్రి చెప్పుటలో అర్థమేమి? తెల్లవారు వెలుగును చూచి చేయవలసిన స్తుతి చీకటిలో దీపము క్రింద లెక్క తీర్చుటకు చదువబడినది. అది ప్రార్థన కాదు, బాకీ వసూలు. ఇట్టి ప్రార్థనలో కొంత విడిచినను ఘోరపాపమని పాత నీతిశాస్త్ర గ్రంథములు గురువులకు బోధించినందున, మనస్సాక్షి గలవారు ఇట్టి ఇరుకులో పడిరి.

రెండవ ఆక్షేపణ భాషను గూర్చినది. ఆ ప్రార్థనలు లాటిను భాషలో నుండెను. చదువు రాని ప్రజలు వాటిలో పాలు పొందలేకపోయిరి. మఠములలో సహితము పొలము పనులు చూచుకొను చదువురాని సహోదరులు కీర్తనలకు బదులుగా ప్రభువు ప్రార్థనను ఇన్నిసార్లని లెక్కించి చెప్పుకొనిరి. దావీదు గొఱ్ఱెల కాపరి. అతని కీర్తనలు గొఱ్ఱెల కాపరులకు అందకుండ పోయినవి! ఇది చిన్న దోషము కాదు. గడియల ప్రార్థన యుండుటకంటె, దాని తలుపు సామాన్యునికి మూయబడుట మన పితరులకు ఎక్కువ బాధ కలిగించినది.

మూడవది, ప్రభువే చెప్పిన హెచ్చరిక. అన్యజనులవలె వ్యర్థమైన మాటలు వచింపవద్దని మత్తయి 6వ అధ్యాయములో ఆయన చెప్పెను. ఎక్కువ మాటలాడినందున తమ మనవి వినబడునని వారు తలంచుచున్నారట. చెప్పిన ప్రార్థనల సంఖ్యనుబట్టి పరలోకములో జమ కట్టబడునని ఎవడైన అనుకొనినయెడల, అతడు రోమను కతోలికుడైనను, లూథరనైనను, బాప్తిస్టయినను, ఆ హెచ్చరిక అతనికే.

ఒకే మాట మరల పలుకుట దోషమా?

ఇక్కడ జాగ్రత్తగా నడువవలెను. ప్రభువు వ్యర్థమైన మాటలను నిషేధించెనే గాని, మరల పలికిన ప్రతి మాటను నిషేధింపలేదు. ఆ హెచ్చరిక చేసిన వెంటనే ఆయన శిష్యులకు ఒక ప్రార్థనను నేర్పెను. గెత్సేమనేలో మూడవసారి కూడ అవే మాటలు పలుకుచు ప్రార్థించెనని మత్తయి 26వ అధ్యాయము సాక్ష్యమిచ్చుచున్నది. ఆ రాత్రి ఆయన చెమట రక్తబిందువులవలె పడుచుండగా పలికిన మాటలను వ్యర్థమనుటకు ఎవడు తెగించును? 136వ కీర్తనలో 26 వచనములున్నవి. ప్రతి వచనములోను దేవుని కృప నిరంతరముండునను పల్లవి మరల వచ్చుచున్నది. మాట వ్యర్థమగుట అది ఎన్నిసార్లు పలుకబడెనను దానినిబట్టి కాదు; ఎవరితో పలుకుచున్నామో మరచిపోవుటనుబట్టి.

మన స్వంత ప్రార్థనలనుకూడ కొంచెము విందము. పుస్తకము లేకుండ ప్రార్థించు మన పెద్దలు లేచి నిలువగానే మొదటి వాక్యము ఏమి వచ్చునో బల్లమీద కూర్చున్న పిల్లలు సహితము చెప్పగలరు. గడచిన దినములన్నియు కాపాడితివని మొదలుపెట్టి, ఏ మాటతో ముగింతురో అందరికి తెలియును. ఇందులో తప్పు లేదు. బిడ్డ తల్లిని దినమెల్ల ఒకే మాటతో పిలుచును. కాని మన చేతిలో పుస్తకము లేదు గనుక మన నోట పాఠము లేదని చెప్పుకొనుట మాత్రము నిజము కాదు. వారి పాఠము దావీదు కూర్చినది. మన పాఠము మన తాతలు కూర్చినది.

హృదయమనగా నేమి?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. గంట కొట్టెను; ప్రార్థింపవలెనను ఆశ నాలో లేదు; అయినను మోకాళ్లూనితిని. నేను వేషధారినా?

ఈ ప్రశ్నలో దాగియున్న ఒక తలంపును బయటికి తీయవలెను. హృదయమనగా ఆ క్షణమున కలుగు అనుభూతియే అని మనము అనుకొనుచున్నాము. బైబిలు ఆలాగు చెప్పుటలేదు. బైబిలులో హృదయము ఆలోచించును, నిశ్చయించును, జ్ఞాపకముంచుకొనును, లోబడును. దానియేలు రాజు భోజనమువలన తన్ను అపవిత్రపరచుకొనకూడదని నిశ్చయించుకొన్నది తన హృదయములోనే. హృదయపూర్వకమగుట యనగా పొంగు కలుగుట మాత్రమే కాదు. మనుష్యుడు తన్ను తాను అప్పగించుకొనుట.

కాలువక్రింద సేద్యము చేయు రైతును చూడుడి. నీళ్ల వంతు అర్ధరాత్రి వచ్చును. అతనికి నిద్ర వచ్చుచున్నది, ఒళ్లు నొప్పులుగా నున్నది, బయట చలి. అయినను పార భుజముమీద వేసికొని, లాంతరు పట్టుకొని చేనికి పోయి మడవ తీయును. ఆ రాత్రి అతనికి చేనిమీద ప్రేమ పొంగినదా? లేదు. అయితే అతడు చేనిని ప్రేమించుటలేదని ఎవరందురు? ఆ ప్రేమ అతని కాళ్లలో నున్నది. మనస్సు పుట్టినప్పుడు పోదునులే అని పండుకొనిన రైతు వంతు దాటిపోవును. తెల్లవారి అతనికి ఎంత ఆశ పుట్టినను కాలువలో నీరుండదు. రాత్రి మూడుసార్లు లేచి రోగియైన బిడ్డకు మందు పోయు తల్లి ప్రతిసారి ఆనందముతో లేచునా? ఆమె విసుగు ఆమె ప్రేమను అబద్ధము చేయదు.

ప్రభువు ఇద్దరు కుమారుల ఉపమానము చెప్పెను. ఒకడు పోనని చెప్పి, తరువాత మనస్సు మార్చుకొని ద్రాక్షతోటకు పోయెను. మరియొకడు పోదునని చక్కగా పలికి పోలేదు. తండ్రి ఇష్టము నెరవేర్చినవాడు పోయినవాడే. పోవునప్పుడు అతని ముఖము ఎట్లుండెనో ప్రభువు చెప్పలేదు.

కాబట్టి వేషధారణకు గుర్తు ఇది కాదు: ఆశ లేనప్పుడు ప్రార్థించుట. వేషధారణకు గుర్తు ఇది: దేవుని కొరకు గాక మనుష్యులు చూచుటకు ప్రార్థించుట, లేక లేని ఆశ ఉన్నట్లు నటించుట. పొడిబారిన మనస్సుతో వచ్చి, ప్రభువా, నా మనస్సు ఎండియున్నది, అయినను నీవు పిలిచిన వేళకు వచ్చితిని అని చెప్పువాడు నటించుటలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పుచున్నాడు. రోమను కతోలికుల ప్రతి గడియ ప్రార్థనయు 70వ కీర్తన మొదటి వచనములోని విన్నపముతో, అనగా త్వరగా వచ్చి సహాయము చేయుమను మొరతో, మొదలగును. ప్రార్థించుటకే సహాయము కావలెనని ఒప్పుకొని మొదలుపెట్టుట యిది.

నావి కాని మాటలు

ఇంకొక చిక్కు మిగిలియున్నది. నియమము ప్రకారము కీర్తనలు చదువువాడు తనకు నేడు కలిగిన స్థితికి సరిపడని మాటలను పలుకవలసి వచ్చును. ఇంట పెండ్లి జరిగిన దినమున చీకటితో ముగియు 88వ కీర్తన రావచ్చును. పాతిపెట్టి వచ్చిన సాయంకాలమున స్తుతి కీర్తన రావచ్చును. నేటి రోమను క్రమములో 88వ కీర్తన ప్రతి శుక్రవారము రాత్రి కంప్లీనులో వచ్చును. సుఖముగా భోజనము చేసి పండుకొనబోవువాడు, నా స్నేహితులు నాకు దూరమైరి, నేను సమాధికి సమీపముగా నున్నాను అను భావము గల మొరను ఎట్లు పలుకును? ఇది అబద్ధము కాదా?

నా ఆలోచనకు ఇక్కడనే ఈ క్రమముయొక్క గొప్ప మేలు కనబడుచున్నది. మనస్సు వచ్చినట్టు ప్రార్థించునప్పుడు మన ప్రార్థన మన ఇంటి గడప దాటుట అరుదు. నా బిడ్డ పరీక్ష, నా గేదె రోగము, నా కోర్టు వ్యాజ్యెము. ఇవి దేవునికి చెప్పదగినవే. కాని నేను సంతోషముగా నున్న రాత్రి మా పేటలోనే ఒక విధవరాలు మేలుకొని యేడ్చుచున్నది. ఆ రాత్రి నాకు 88వ కీర్తన వచ్చినయెడల అది నా కొరకు కాదు, ఆమె కొరకు. ఏడ్చువారితో ఏడ్వుడని రోమా పత్రిక 12వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. ఏడ్పు నాకు రానప్పుడు కీర్తన నాకు మాటలు అరువిచ్చుచున్నది. కీర్తనలలోని "నేను" నాకంటె పెద్దవాడు. ఆ "నేను"లో సంఘమంతయు ఉన్నది. అంతకంటె ఎక్కువగా ప్రభువు ఉన్నాడు. సిలువమీద ఆయన 22వ కీర్తన మాటలతో కేక వేసెను. 31వ కీర్తన మాటలతో ఆత్మను అప్పగించెను. మరణవేళ దేవుని కుమారుడే పాత పుస్తకములోని మాటలతో ప్రార్థించియుండగా, ఇతరులు వ్రాసిన మాటలు హృదయములోనుండి రావని మనము చెప్పగలమా?

అయినను ఈ చిక్కు సులభముగా తీరునది కాదని రోమా సంఘమే ఒప్పుకొన్నది. 1970లో సవరింపబడిన వారి క్రమములో శత్రువులను శపించు 58, 83, 109 కీర్తనలు మూడును, వేరే కీర్తనలలోని కొన్ని వచనములును విడువబడినవి; ప్రార్థించువారి మనస్సులకు అవి కష్టము కలిగించునని కారణము చెప్పిరి. దీనినిగూర్చి వారిలోనే భిన్నాభిప్రాయములు కలవు. నాకు తోచినది చెప్పుదును. పొలము అన్యాయముగా పోగొట్టుకొనిన పేదవాడు ఆ కీర్తనలను పలుకునప్పుడు కత్తి పట్టుటలేదు; తన పగను న్యాయాధిపతియైన దేవుని చేతిలో పెట్టుచున్నాడు. పగతీర్చుట ప్రభువు పని యని రోమా పత్రిక చెప్పుచున్నది. అట్టివాని నోటినుండి ఆ మాటలు తీసివేయుటకు ముందు, కడుపు నిండినవారమైన మనము ఒకసారి ఆగి ఆలోచింపవలెను. అయితే మన స్వంత విరోధులమీద ప్రయోగించుటకు వాటిని వాడుకొనువాడు, శత్రువులను ప్రేమించుడని చెప్పిన ప్రభువునకు లెక్క చెప్పవలెను.

నియమములో దయ

మంచి నియమము ఎట్లుండునో బెనెడిక్టు వ్రాసిన రెండు సంగతులలో చూడవచ్చును. మొదటిది: రాత్రి ప్రార్థన ఆరంభములోని కీర్తనను (మన లెక్కలో 95వది) చాల మెల్లగా, సాగదీసి పాడవలెనని ఆయన 43వ అధ్యాయములో నియమించెను. ఎందుకు? నిద్రమత్తుతో ఆలస్యముగా వచ్చువారు అది ముగియకముందే అందుకొనవలెనని. ఆలస్యముగా వచ్చినవాడు కడపటి స్థలమున నిలువవలెను గాని, బయట నిలువకూడదు. బయటనే నిలిచినచో తిరిగి పండుకొనును, లేక ముచ్చట్లు పెట్టుకొనును. రెండవది 50వ అధ్యాయములో నున్నది. దూరముగా పొలములో పనిచేయు సహోదరుడు గడియ వచ్చినప్పుడు మందిరమునకు పరుగెత్తనక్కరలేదు. తాను పనిచేయు చోటనే దేవుని భయముతో మోకాళ్లూని ప్రార్థింపవలెను. ఇట్టి నియమము మనుష్యుని బలహీనతను ఎరిగిన తండ్రి చేయివంటిది. లూథరును అలయజేసినది గడియ కాదు. గడియను వెలగా మార్చి, తప్పినదానిని అప్పుగా వ్రాసిన బోధ.

లూథరు గడియలను విడిచిన తరువాత ఏమి చేసెనో కూడ చూడుడి. ప్రార్థనాకాలములు అక్కరలేదని చెప్పెనా? లేదు. 1529వ సంవత్సరపు చిన్న ప్రశ్నోత్తరిలో ఉదయమున లేవగానే చెప్పదగిన ప్రార్థన, రాత్రి పండుకొనునప్పటి ప్రార్థన, భోజనమునకు ముందును తరువాతను చెప్పదగిన ప్రార్థనలు వ్రాసియిచ్చెను. 1535లో పేతురు అను తన మంగలి, ప్రార్థించుట ఎట్లని అడుగగా, ఆయన నిమిత్తము ఒక చిన్న పుస్తకము వ్రాసెను. ఉదయమున మొదటి పనియు, రాత్రి కడపటి పనియు ప్రార్థనయే కావలెననియు, ఇంకొక గడియ తరువాత చేయుదునను తలంపు మోసకరమనియు దానిలో హెచ్చరించెను. కీర్తన చెప్పుచు నడుమ నడుమ గుఱ్ఱములను విప్పితివా అని పనివానిని అడుగు గురువును ఆ పుస్తకములోనే ఎత్తి చూపెను. మంచి మంగలి కత్తిమీదనే కన్ను నిలుపును. మాటలలో పడినయెడల ముక్కునో, గొంతునో కోయును. ప్రార్థనకు అట్టి లక్ష్యము కావలెనని మంగలికి తెలిసిన మాటలలో చెప్పెను. చూచితిరా! మఠపు గడియను ఆయన పడగొట్టి, మంగలి ఇంటిలో గడియను కట్టెను.

ఇంగ్లాండులో క్రాన్మరుకూడ ఇట్లే చేసెను. 1549వ సంవత్సరపు ప్రార్థన గ్రంథములో ఎనిమిది ప్రార్థనలను ఉదయ, సాయంకాల ప్రార్థనలు రెంటిగా కుదించి, ప్రజల భాషలోనికి తెచ్చి, కీర్తనలన్నియు నెలకొకసారి ముగియునట్లు సర్దెను. 1947వ సంవత్సరమున దక్షిణ ఇండియా సంఘమైన మండలులలో ఆంగ్లికను మూలము గలవి ఆ క్రమమునే తమ వెంట తెచ్చుకొన్నవి. రోమా సంఘమో, 1963వ సంవత్సరమున రెండవ వాటికను మహాసభలో ఉదయ, సాయంకాల ప్రార్థనలు రెండే దినమునకు ఇరుసులవంటివని చెప్పి, ప్రైమును తీసివేసి, గురువులతోపాటు సామాన్య విశ్వాసులును ఈ ప్రార్థనలలో పాలు పొందవలెనని కోరెను. తరువాత వచ్చిన క్రమములో కీర్తనలు నాలుగు వారములకు పంచబడినవి. ప్రజల భాషలకు అనుమతి కలిగెను. నాలుగు వందల సంవత్సరములు వేరు వేరు దారులలో నడిచినవారు ఉదయమున, సాయంకాలమున, తమ తమ భాషలో, దావీదు పాటలయొద్ద కలిసికొనుట దేవుని కృపగాక మరేమి?

మనమేమి చేయవలెను?

ఎడతెగక ప్రార్థన చేయుడి అను ఆజ్ఞ ఉండగా గడియలేల అని కొందరు అందురు. అనుభవము వేరుగా చెప్పుచున్నది. ఎప్పుడైనను చేయవచ్చునను పని ఎప్పుడును చేయబడదు. ఒక వేళను దేవునికి ప్రత్యేకించువాడు మిగిలిన వేళలను ఆయన కియ్యననుటలేదు. ఒక పిడికెడు ప్రథమఫలము చేనంతటికి గుర్తయినట్లు, ఒక గడియ దినమంతటికి గుర్తు.

అయితే ప్రార్థనకు ఒక పరీక్ష కలదు. చేతులు రక్తముతో నిండియుండగా మీరెంత ప్రార్థించినను విననని యెషయా మొదటి అధ్యాయములో ప్రభువు చెప్పుచున్నాడు. దినమునకు ఏడుమారులు కీర్తనలు పాడి, కోత కోసిన కూలివాని కూలి బిగబట్టువాని ప్రార్థనకంటె ముందుగా ఆ కూలియే దేవుని చెవిలో మొరపెట్టునని యాకోబు పత్రిక అయిదవ అధ్యాయము బోధించుచున్నది. గడియ ముగించి లేచినవాడు ఇంటివారితో మునుపటికంటె మృదువుగా మాటలాడుచున్నాడా? అప్పులవానిని మునుపటికంటె దయతో చూచుచున్నాడా? లేనియెడల గడియయు, పుస్తకమును, మన స్వేచ్ఛా ప్రార్థనయు అన్నియు ఒకే రాశిలో పడును.

కాబట్టి నా మనవి ఇది. రెండు వేళలు నియమించుకొనుడి: ఉదయమున పనికి పోకముందు, రాత్రి దీపము ఆర్పకముందు. ఉదయము మూడు, రాత్రి రెండు చొప్పున దినమునకు అయిదు కీర్తనలు చదివినయెడల ముప్పది దినములలో నూట యేబదియు ముగియును. అన్ని చదువలేనివారు ఉదయమొకటి, రాత్రి యొకటి చదువుడి. చదువు రానివారికి బిడ్డలు చదివి వినిపింపవలెను. నచ్చిన కీర్తనను ఏరుకొనక వరుసగా వచ్చినదానిని చదువుడి. మీకు సరిపడనిది వచ్చినప్పుడు, ఇది ఎవరికి సరిపడునో వారిని జ్ఞాపకము చేసికొని వారి కొరకు చదువుడి. మనస్సు పొంగినయెడల పుస్తకము మూసి మీ స్వంత మాటలతో ప్రార్థించుడి. మనస్సు ఎండినయెడల పుస్తకము చెప్పినట్టు చెప్పుడి. ఒక దినము తప్పినయెడల దానిని శనివారమునకు ప్రోగుచేయకుడి. తప్పినదానిని కృపకు విడిచి, ఆ దినపు కీర్తనను అందుకొనుడి. ఆలస్యముగా వచ్చినవాని కొరకు మొదటి కీర్తన ఇంకను మెల్లగా పాడబడుచునే యున్నది.

మనము వేళను పాటించుటవలన దేవుడు మేలుకొనడు. ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు, నిద్రపోడు అని 121వ కీర్తన సాక్ష్యమిచ్చుచున్నది. ఆయన మన కొరకు అన్ని గడియలను కాచుచున్నాడు గనుకనే మనము ఆయన కొరకు కొన్ని గడియలను కాచుట న్యాయము. మనస్సు ఉన్నప్పుడును లేనప్పుడును తన యెదుటికి వచ్చు కృపను ప్రభువు మన కనుగ్రహించును గాక. ఆమేన్.